పట్టా చేతికొచ్చిన రోజు నుంచి పాలు పొంగేదాకా

మా పిన్ని ఇల్లు ఏడాదిన్నర పాటు స్లాబు దగ్గర ఆగిపోయింది. ఊరికి రెండు కిలోమీటర్ల అవతల, ఒకప్పుడు వరి పండిన చేలో వేసిన లేఔట్ అది. ఆమెకు వచ్చింది సెంటున్నర. గోడలు లేచాయి, లింటెల్ అయిపోయింది, నాలుగు మూలలా పిల్లర్ల చువ్వలు ఆకాశం వైపు నిలబడి ఉన్నాయి. తుప్పు పట్టకుండా వాటికి పాత యూరియా సంచులు చుట్టి పురికొసతో బిగించింది పిన్ని. నేను ఎప్పుడు వెళ్లినా అక్కడికి తీసుకెళ్లేది. ఒక సంచి విప్పి, చువ్వను గోటితో గీకి, రంగు చూసి, మళ్లీ కట్టేసేది. "బిల్లు పడలేదురా ఇంకా" అనేది.

ఈ మాట ఒక్క మా పిన్నిది కాదు. ప్రభుత్వ సాయంతో ఇల్లు మొదలుపెట్టిన ఏ ఊళ్లోనైనా, ఏ పార్టీ అధికారంలో ఉన్నా, ఎక్కువగా వినపడేది ఇదే. స్థలం సర్కారే ఇచ్చింది. డబ్బు ఇస్తానంది. ఇసుక ఉచితమంది. అయినా ఇల్లు మధ్యలో ఎందుకు ఆగుతుంది? మరోపక్క, పూర్తిగా కట్టి రంగులేసి తాళాలు చేతిలో పెట్టిన ఫ్లాట్లలో కొన్ని ఎందుకు ఖాళీగా ఉంటాయి? ఈ రెండు ప్రశ్నలకూ జవాబు ఒకే చోట ఉందని నాకు చాలా ఆలస్యంగా అర్థమైంది. అది చెప్పాలంటే ముందు ఈ పథకాల చిక్కుముడిని కొంచెం విప్పాలి.

బయటినుంచి చూస్తే "ప్రభుత్వం ఇల్లిచ్చింది" అన్నది ఒక్క పనిలా కనిపిస్తుంది. లోపల అది పదిమంది చేతుల్లో ఉంటుంది. స్థలం రెవెన్యూ వాళ్లది: తహసీల్దారు, సర్వేయరు, పట్టా అన్నీ అక్కడ. ఇంటి డబ్బు గృహనిర్మాణ సంస్థది. ఆంధ్రప్రదేశ్‌లో ఆ సంస్థ 1979 నుంచీ ఉంది. ఆ డబ్బులో పెద్ద వాటా ఢిల్లీ నుంచి రావాలి. కూలి కొంత ఉపాధి హామీ పద్దులోంచి, మరుగుదొడ్డి ఖర్చు స్వచ్ఛ భారత్ పద్దులోంచి. కరెంటు స్తంభాలు డిస్కం వేయాలి. నీళ్లు ఊళ్లో అయితే గ్రామీణ నీటి సరఫరా శాఖ, పట్నంలో అయితే మునిసిపాలిటీ. అంగన్‌వాడీ ఇంకొకరు, బస్సు మరొకరు చూడాలి. వీటిలో ఒక్కరు వెనకబడ్డా మిగతావాళ్ల పని అక్కరకు రాదు. ఇల్లు కట్టుకునే మనిషికి మాత్రం వీళ్లంతా కలిసి ఒక్కటే, గవర్నమెంటు.

తాటాకు ఇళ్ల కాలం తెలిసినవాళ్లకు పక్కా ఇంటి విలువ చెప్పనక్కర్లేదు. ఎండాకాలంలో ఒక ఇంటికి నిప్పంటుకుంటే వరసంతా బూడిదయ్యేది. 1977 నవంబరు 19న దివిసీమ మీద ఉప్పెన విరుచుకుపడ్డ రాత్రి గట్టి కప్పు ఉన్న కట్టడం ప్రాణానికీ చావుకూ మధ్య అడ్డుగోడ అయింది. 1983 తర్వాత ఎన్టీఆర్ ప్రభుత్వం బలహీన వర్గాల పక్కా ఇళ్లను పెద్ద కార్యక్రమంగా చేపట్టింది. కేంద్రంలో 1985లో మొదలైన ఇందిరా ఆవాస్ యోజన మొదట్లో ఒక ఉపాధి పథకంలో భాగంగా ఉండి, 1996లో విడి పథకమైంది. ఉమ్మడి రాష్ట్రంలో 2006లో వైఎస్ ప్రభుత్వం ఇందిరమ్మ పేరుతో ఊరూరా ఇళ్లు మంజూరు చేసింది. 2015 జూన్‌లో పట్టణాలకు, 2016లో గ్రామాలకు ప్రధానమంత్రి ఆవాస్ యోజన వచ్చింది. తెలంగాణలో 2015లో డబుల్ బెడ్‌రూం, 2024లో మళ్లీ ఇందిరమ్మ ఇళ్లు. ఆంధ్రలో ఎన్టీఆర్ పేరుతో ఇళ్లు, పట్టణ పేదలకు టిడ్కో అనే ప్రభుత్వ సంస్థ కట్టిన ఫ్లాట్లు, 2020 డిసెంబరు 25 నుంచి నవరత్నాల్లో భాగంగా ఇళ్ల పట్టాలు. పేర్లు మారుతుంటాయి, గోడ మీద బొమ్మ మారుతుంటుంది. కింద నడిచే యంత్రాంగం మాత్రం దాదాపు ఒకటే. అందుకే కష్టాలు కూడా ఒకటే.

ఇక్కడ చాలామందికి తెలియని ఒక సంగతి ఉంది. మా పిన్నిది పల్లెటూరు. ఆమె ఇంటికి వచ్చిన కేంద్రం డబ్బు మాత్రం పట్టణ ఆవాస్ యోజనది. ఎలా? ఆంధ్రప్రదేశ్‌లో ఊళ్లకు ఊళ్లను పట్టణాభివృద్ధి సంస్థల పరిధిలోకి తెచ్చారు. ఆ పరిధిలోని పల్లెలు ఇళ్ల లెక్కలో పట్టణాల ఖాతాలోకి వెళ్లాయి. దీని వెనక గట్టి లెక్కే ఉంది. గ్రామీణ పథకంలో మైదాన ప్రాంతపు ఇంటికి ఇచ్చేది రూ.1.20 లక్షలు. అందులో కేంద్రం 60 శాతం, అంటే 72 వేలు. మిగతాది రాష్ట్రం పెట్టుకోవాలి. పట్టణ పథకంలో సొంత స్థలంలో కట్టుకునే ఇంటికి కేంద్రం ఒక్కటే లక్షా 50 వేలు ఇస్తుంది. పైగా గ్రామీణ పథకంలో లబ్ధిదారుల ఎంపిక 2011 సామాజిక ఆర్థిక సర్వే జాబితాకు కట్టుబడి ఉండేది. ఆ జాబితాలో పేరు లేకపోతే ఎంత పేదవాడైనా లెక్కలో లేనట్టే. పట్టణ పథకంలో ఆ కట్టడి లేదు. దేశమంతటా పట్టణ ఆవాస్ యోజన తొలి విడతలో మంజూరైన ఇళ్లు 118 లక్షలకు పైగా ఉంటే, ఒక్క ఆంధ్రప్రదేశ్‌వే 20 లక్షలు దాటడానికి ఇదో ముఖ్య కారణం.

ఇది మంచి ఎత్తుగడే. కేంద్రం నుంచి ఎక్కువ డబ్బు రాబట్టారు, రాష్ట్రం మీద భారం తగ్గింది. అయితే రాష్ట్రం తన వంతు పెద్దగా వేయనప్పుడు ఇల్లు కేంద్రం ఇచ్చిన దగ్గరే ఆగుతుంది. ఆ తొలి విడతలో ఆంధ్రలో యూనిట్ ధర, అంటే ఒక్కో ఇంటికి ఇచ్చే మొత్తం, రూ.1.80 లక్షలుగా ఉండేది: కేంద్రానిది 1.50, మిగతా 30 వేలు ఇతర పద్దుల నుంచి. ఇంటి కొలత 340 చదరపు అడుగులు. ఆ డబ్బుకు ఆ ఇల్లు పూర్తికాదని ఏ తాపీమేస్త్రిని అడిగినా చెబుతాడు.

ఇప్పుడు బిల్లు సంగతికి వద్దాం. హౌసింగ్ వాళ్ల భాషలో ఇంటికి కొన్ని మెట్లుంటాయి. బీబీఎల్ అంటే పునాది ఇంకా బేస్‌మెంట్ ఎత్తుకు రానిది. బీఎల్ అంటే బేస్‌మెంట్ అయింది. ఆర్‌ఎల్ అంటే గోడలు కప్పు దాకా లేచాయి. ఆర్‌సీ అంటే స్లాబు పడింది. ప్రతి మెట్టు దగ్గరా సిబ్బంది వచ్చి, ఇంటావిడను గోడ ముందు నిలబెట్టి ఫోన్లో ఫోటో తీస్తారు. ఆ ఫోటోతో పాటు స్థలం అక్షాంశ రేఖాంశాలు యాప్‌లోకి ఎక్కుతాయి. అది ఎక్కితేనే బిల్లు తయారవుతుంది. ఒకప్పుడు కట్టని ఇళ్లకు కాగితాల మీద బిల్లులు లేపేశారన్న ఆరోపణలు ఎన్నో వచ్చాయి. 2014లో తెలంగాణ ప్రభుత్వం పాత ఇందిరమ్మ ఇళ్ల మీద సీఐడీ విచారణకు ఆదేశించింది కూడా. ఆ చేదు అనుభవం తర్వాత ఈ ఫోటో పద్ధతి తప్పు అని ఎవరూ అనలేరు. నేనూ అనను.

కానీ ఈ పద్ధతిలో ఒక గట్టి మెలిక ఉంది. డబ్బు పని అయ్యాక వస్తుంది. పని మొదలుపెట్టాలంటే డబ్బు ముందే ఉండాలి. తెలంగాణ ఇందిరమ్మ ఇళ్లనే చూడండి. ఇచ్చే మొత్తం రూ.5 లక్షలు, ఆంధ్రతో పోలిస్తే చాలా మెరుగు. బేస్‌మెంట్ పూర్తయ్యాక లక్ష, గోడలు లేచాక 1.25 లక్షలు, స్లాబు పడ్డాక 1.75 లక్షలు, ఇల్లు పూర్తయ్యాక మిగిలిన లక్ష. నాలుగు సార్లూ "అయ్యాక" అనే మాటే. మొదటి లక్ష చూడాలంటే పునాది తవ్వించి, రాయి, కంకర, సిమెంటు, స్టీలు, మేస్త్రి కూలి అన్నీ సొంతంగా పెట్టుకుని బేస్‌మెంట్ లేపాలి. చేతిలో నలభై యాభై వేలు కూడా లేని మనిషి మంజూరు పత్రం పట్టుకుని అక్కడే నిలబడిపోతాడు. మంజూరైన ఇళ్లెన్ని, మొదలైనవెన్ని అన్న లెక్కల్లో కనిపించే తేడాలో పెద్ద భాగం ఇదే. ఊళ్లో దీన్ని "వాడికి ఇల్లు వచ్చినా కట్టుకోలేదు" అంటారు. కట్టుకోలేకపోయాడు అనాలి.

మా పిన్ని లెక్క నా దగ్గర రాసి ఉంది. ఇల్లు మొత్తానికి 4 లక్షల 80 వేలు అయింది. ప్రభుత్వం 1.80 ఇచ్చింది. పొదుపు సంఘం ద్వారా పావలా వడ్డీకి 35 వేలు వచ్చాయి. 2025 మార్చిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం మధ్యలో ఆగిన ఇళ్లకు అదనపు సాయం ప్రకటించింది: ఎస్సీ, బీసీలకు 50 వేలు, ఎస్టీలకు 75 వేలు, ఆదిమ గిరిజన తెగలవారికి లక్ష. ఆ 50 వేలు మా పిన్నికి నిజంగా అక్కరకొచ్చాయి. అన్నీ కలిపితే 2 లక్షల 65 వేలు. మిగిలిన 2 లక్షల 15 వేలు ఆమె తెచ్చుకున్నవే. నల్లపూసల గొలుసు బ్యాంకులోకి వెళ్లింది. లక్ష రూపాయలు తెలిసినాయన దగ్గర రెండు రూపాయల వడ్డీకి తెచ్చింది.

రెండు రూపాయల వడ్డీ అంటే వందకు నెలకు రెండు. లక్షకు నెలకు రెండు వేలు. ఇల్లు ఆగిపోయింది ఏడాదిన్నర, అంటే 18 నెలలు. ఇల్లు ఒక్క ఇటుక కూడా లేవకుండా, ఆలస్యం ఒక్కటే 36 వేలు తినేసింది. పావలా వడ్డీకి వచ్చిన అప్పు కంటే అది ఎక్కువ. ప్రభుత్వం ఇచ్చిన 1.80 లక్షల్లో అయిదో వంతు. నన్నడిగితే ఇళ్ల పథకాల్లో సాయం పెంచడం కంటే ముందు చేయాల్సింది ఇది: మొదటి విడత పని మొదలవకముందే ఇవ్వడం, మిగతావి చెప్పిన వారానికి వేయడం. ఫోటోలు తీయండి, కొలతలు తీసుకోండి, ఎవరూ కాదనరు. కానీ ఆలస్యానికి వడ్డీ కట్టేది ఇంటావిడ ఒక్కతే అయినప్పుడు, ఆలస్యం ఖరీదు ఏ ఆఫీసు లెక్కలోనూ కనపడదు.

ఇదంతా స్థలం ఉన్నవాళ్ల కథ. లేనివాళ్ల సంగతి? తెలంగాణలో ఇందిరమ్మ దరఖాస్తులను మూడు జాబితాలుగా విడదీశారు. సొంత స్థలం ఉండి ఇల్లు లేనివాళ్లు ఎల్-1, స్థలమూ ఇల్లూ రెండూ లేనివాళ్లు ఎల్-2, మిగిలినవాళ్లు ఎల్-3. మొదటి విడతలో ఇళ్లు ఎల్-1 వాళ్లకే. పని తొందరగా కనబడాలంటే అదే దారి, నిజమే. కానీ ఒక్క నిమిషం ఆగి చూస్తే, ఏమీ లేని మనిషి రెండో జాబితాలో ఉన్నాడు. అద్దె ఇంట్లో, అత్తారింటి వసారాలో, రోడ్డు పోరంబోకులో ఉన్నవాళ్లంతా ఎల్-2. ఇంటి సమస్య మొదట భూమి సమస్య. ఇటుక, సిమెంటు ఆ తర్వాత.

ఆ భూమి సమస్యను ఆంధ్రలో తలకెత్తుకున్నారు. 30 లక్షలకు పైగా పట్టాలు, 17 వేలకు పైగా లేఔట్లు. ఆడవాళ్ల పేరు మీదే పట్టా. ఇది చిన్న విషయం కాదు. తన పేరున సెంటు నేల ఎన్నడూ లేని మా పిన్ని ఆ కాగితాన్ని ప్లాస్టిక్ కవర్లో పెట్టి, బియ్యం డబ్బాలో దాచుకుంది. అయితే అంత భూమి ఒక్కసారిగా కావాలంటే ఊరి మధ్యలో దొరకదు. ఊరి చివర, చాలాచోట్ల పల్లంలో ఉన్న చేలలో కొన్నారు. పల్లెల్లో సెంటున్నర, పట్నాల్లో సెంటు. సెంటంటే 48.4 గజాలు, అంటే 435 చదరపు అడుగులు. అందులో 340 అడుగుల ఇల్లు వేస్తే మెట్లకు, నీళ్ల డ్రమ్ముకు, బట్టలారేసే తాడుకు మిగిలేది ఎంత? పల్లెలో గేదె ఉన్న కుటుంబానికి ఈ ప్రశ్న ఇంకా కష్టం. 2021 అక్టోబరులో హైకోర్టు సింగిల్ జడ్జి ఈ విస్తీర్ణం చాలదని తప్పుపట్టారు. తర్వాత డివిజన్ బెంచ్ ఆ తీర్పును పక్కనపెట్టింది. 2024లో వచ్చిన ప్రభుత్వం పల్లెల్లో మూడు సెంట్లు, పట్టణాల్లో రెండు సెంట్లు ఇస్తామంది. ఎక్కువ స్థలం అంటే మంచిదే. కానీ అంత భూమి కోసం ఊరికి ఇంకెంత దూరం వెళ్తారన్నది నా భయం.

దూరం అనే మాట దగ్గరికి వచ్చాం కాబట్టి హైదరాబాద్‌కు వెళ్దాం. నేనుండేది అక్కడే.

డబుల్ బెడ్‌రూం పథకం ఆలోచన చాలా గొప్పది. అంతవరకూ పేదల ఇల్లంటే ఒక గది, వంటకు మూల. తొలిసారి 560 చదరపు అడుగుల్లో రెండు పడకగదులు, హాలు, వంటిల్లు. లబ్ధిదారు ఒక్క రూపాయి కట్టనక్కర్లేదు, అప్పు లేదు. పల్లెల్లో ఇంటికి రూ.5.04 లక్షలు, పట్టణాల్లో 5.30 లక్షలు, గ్రేటర్ హైదరాబాద్‌లో 7 లక్షలు, అంతస్తులు పెరిగితే ఇంకొంచెం. ఎదిగిన ఆడపిల్ల ఉన్న ఇంట్లో రెండో గది అంటే ఏమిటో ఒక్క గదిలో పెరిగినవాళ్లకు తెలుస్తుంది. ఆ గౌరవాన్ని లెక్కలోకి తెచ్చిన పథకం అది. ఆ రేట్లకు చాలాచోట్ల కాంట్రాక్టర్లు ముందుకు రాక పనులు ఏళ్లకేళ్లు సాగాయి, అది వేరే సంగతి.

ఆ పథకంలోని రెండు కాలనీలను పక్కపక్కన పెట్టి చూస్తే నేను చెప్పదలచుకున్నది స్పష్టమవుతుంది. ఒకటి సికింద్రాబాద్ ఐడీహెచ్ కాలనీ. పాత ఇళ్లను కూల్చి, అదే చోట 396 ఇళ్లు కట్టి 2015 నవంబరులో అక్కడి వాళ్లకే ఇచ్చారు. మనుషులు వాళ్లే, పక్కిళ్లు వాళ్లవే, పనిచేసే చోట్లు అవే, బడి అదే. మారింది ఇల్లొక్కటే. రెండోది ఔటర్ రింగ్ రోడ్డు పక్కన సంగారెడ్డి జిల్లా కొల్లూరు. 15,600కు పైగా ఫ్లాట్లు, 2023 జూన్‌లో ప్రారంభించారు. నిజం చెప్పాలంటే అదొక చిన్న పట్టణం. నగరంలోని ఎన్నో నియోజకవర్గాల నుంచి లాటరీ తీసి అక్కడ ఇళ్లిచ్చారు. కట్టడం గురించి నాకు ఫిర్యాదేమీ లేదు. కానీ ఒక బస్తీ మొత్తాన్ని విడదీసి వేర్వేరు బ్లాకుల్లో పడేస్తే ఏమవుతుందో ఆలోచించాలి.

మా పాత అపార్ట్‌మెంట్‌లో నాలుగిళ్లలో పనిచేసే ఒకావిడకు ఇలాగే నగరం అవతల కాలనీలో ఫ్లాట్ వచ్చింది. తాళాలు తీసుకున్న రోజు అందరికీ స్వీట్లు పంచింది. రెండు నెలలు అక్కడి నుంచే పనికి వచ్చింది. తెల్లారుజామున నాలుగింటికి లేచి, రెండు బస్సులు మారి ఏడున్నరకు చేరేది. 2023 డిసెంబరు నుంచి ఆడవాళ్లకు ఆర్టీసీలో టికెట్ లేదు కాబట్టి డబ్బు భారం తగ్గింది, టైం మాత్రం తగ్గలేదు. పాత బస్తీలో ఉన్నప్పుడు చిన్నోణ్ణి పక్కింటి ముసలమ్మ చూసుకునేది. లాటరీలో ఆ ముసలమ్మకు ఇల్లు రాలేదు. కొత్త చోట అయిదో అంతస్తులో పక్కవాళ్ల పేర్లు కూడా తెలియవు. మూడో నెల ఆవిడ పాత బస్తీలో ఒక గది అద్దెకు తీసుకుంది. ఫ్లాట్‌కు తాళం వేసి, ఆదివారాలు వెళ్లి ఊడ్చి వస్తోంది.

"సొంతిల్లు ఉండి అద్దె కడుతున్నానన్నా" అంది నాతో. ఆ మాటలో తప్పు చేసినట్టు ఒక బెరుకు. ఎందుకంటే ఇళ్లలో ఎవరుంటున్నారో చూడటానికి సర్వేలకు వస్తారు. తాళం కనబడితే "వీళ్లకు ఇల్లు అవసరం లేదు" అని రాసుకుంటారేమోనని టెన్షన్. ఆ తాళం అర్థం ఇల్లు అక్కర్లేదని కాదు. ఇల్లు ఒక చోట, బతుకు ఇంకోచోట ఉన్నాయని. మా పిన్ని ఆగిన స్లాబుకూ ఈ తాళానికీ మూలం ఒకటే: ఇంటిని గోడలూ కప్పుగా లెక్కకట్టి, దాని చుట్టూ ఉండాల్సిన డబ్బు అందే కాలాన్నీ, పని దూరాన్నీ, ఇరుగుపొరుగునీ లెక్కలోంచి తీసేయడం.

ఆంధ్ర టిడ్కో ఇళ్లది ఇంకో రకం చిక్కు. కాంక్రీటు గోడలతో షియర్ వాల్ పద్ధతిలో గట్టిగా కట్టారు. మూడు సైజులు. పెద్ద వాటికి లబ్ధిదారు వాటా, బ్యాంకు అప్పు పెట్టారు. 300 అడుగుల ఇంటిని తర్వాతి ప్రభుత్వం రూపాయికే ఇచ్చింది, మిగతావాటికి లబ్ధిదారు వాటా తగ్గించింది. కానీ ప్రభుత్వాలు మారే క్రమంలో అప్పగింత ఏళ్ల తరబడి జాప్యమై, కొందరికి ఇల్లు చేతికి రాకముందే బ్యాంకు నోటీసులు వచ్చాయి. అద్దె ఒకవైపు, చూడని ఇంటి అప్పు మరోవైపు. ఇంటి తాళం ఇచ్చాకే కిస్తీ మొదలవ్వాలన్న చిన్న నియమం ఉంటే ఈ గోస ఉండేది కాదు.

మధ్యతరగతికి గృహరుణ వడ్డీలో రాయితీ ఇచ్చే పథకం కూడా పట్టణ ఆవాస్ యోజనలో భాగంగా నడిచింది. అప్పు పుట్టే స్తోమత ఉన్నవాళ్లకే అది ఉపయోగపడింది కాబట్టి ఇక్కడ ఎక్కువ చెప్పను. 2024 సెప్టెంబరు నుంచి రెండో విడత పట్టణ ఆవాస్ యోజన అమలులోకి వచ్చింది, లక్ష్యం కోటి కుటుంబాలు. ఇందులో అద్దె ఇళ్లకు కూడా చోటిచ్చారు. నాకు నచ్చింది అదే. వలస వచ్చిన మేస్త్రికి, ఆయాగా పనిచేసే ఆవిడకు సొంతిల్లు కంటే ముందు పని దగ్గర్లో తక్కువ అద్దెకు గాలి, నీళ్లు ఉన్న గది కావాలి. మన పథకాలన్నీ పట్టా చుట్టూ తిరుగుతూ అద్దెవాళ్లను చాలాకాలం మర్చిపోయాయి.

ఇప్పుడు చెప్పబోయేది మన దగ్గర పుట్టిన పాఠం. దాన్ని మనమే మరిచిపోయాం. 1952 అక్టోబరు 2న దేశంలో సామాజికాభివృద్ధి కార్యక్రమం మొదలైంది, అది పల్లెల కోసం. 1967లో హైదరాబాద్ మునిసిపల్ కార్పొరేషన్ అదే ఆలోచనను బస్తీల్లోకి తెచ్చింది. దాని పేరు పట్టణ సామాజికాభివృద్ధి, అందరూ యూసీడీ అనేవారు. ఇప్పటికీ మునిసిపల్ ఆఫీసులో పాతవాళ్లు "యూసీడీ సెక్షన్‌కి వెళ్లండి" అంటారు. తర్వాత యూనిసెఫ్, 1980ల్లో బ్రిటన్ ప్రభుత్వం దానికి సాయం చేశాయి. ఆ దారిలోనే విశాఖ, విజయవాడల్లో కూడా బస్తీల అభివృద్ధి పనులు జరిగాయి.

వాళ్లు ఇంటితో మొదలుపెట్టలేదు. కమ్యూనిటీ ఆర్గనైజర్ అని ఒక మనిషి బస్తీకి వెళ్లేది. ముందు కూర్చుని మాట్లాడేది. బాల్వాడీ ఒకటి, కుట్టు సెంటర్ ఒకటి, వీధి కుళాయి, మురుగు కాల్వ. ఉన్నచోటే పట్టా. ఆ తర్వాత బ్యాంకు అప్పు, జనం తమకు నచ్చినట్టు కట్టుకున్న ఇల్లు. నేల గట్టిపడితే మనిషి తనంతట తానే గోడ లేపుతాడని ఆ పనిలో ఉన్నవాళ్లకు తెలుసు. మేస్త్రి పెట్టిన పిట్టగోడ, అల్లుడు వచ్చాక వేసిన పై గది, దుకాణంగా మారిన ముందు వసారా, వీటితో ఆ బస్తీలు నగరంలో కలిసిపోయాయి. ఇవాళ వాటి పక్కనుంచి పోతే అది ఒకప్పటి మురికివాడ అని ఎవరూ చెప్పలేరు.

ఇప్పటి పథకాల్లో ఆ ఆర్గనైజర్ పని చాలావరకు "మౌలిక వసతులు" అనే పద్దు కిందికి కుదించుకుపోయింది. రోడ్డు, కాలువ, కరెంటు. అవి కూడా ఇళ్లు లేచాక వస్తాయంటారు. అవి లేకుండా ఇళ్లు లేవవు. మా పిన్ని లేఔట్‌లో జరిగింది ఇదే. వానాకాలంలో ఇటుక ట్రాక్టరు బురదలో దిగబడితే, డ్రైవరు లోడు అక్కడే దింపేసి పోయాడు. రోడ్డు చివరి నుంచి స్థలం దాకా ఇటుకలు మోయించిన కూలి ఇటుకల ధరలో దాదాపు సగమైంది. ఆ కూలి ఏ యూనిట్ ధరలో ఉంది? నీళ్లు లేక గోడలకు క్యూరింగ్ సరిగా కాలేదు. ఆవిడ డ్రమ్ములతో నీళ్లు కొని తడిపించింది. ముందు రోడ్డు, బోరు, స్తంభాలు వేసి ఆ తర్వాత పట్టా చేతిలో పెడితే అదే లక్షా 80 వేలు ఇంకో నాలుగు వరసల ఇటుక అయ్యేది.

ఇళ్లు కావాల్సింది ఎవరికి, ఎక్కడ అన్నది వాళ్లనే కూర్చోబెట్టి అడగడం కష్టమైన పనేమీ కాదు. ప్రతి ఊళ్లో పొదుపు సంఘాలున్నాయి, పట్టణాల్లో 2007 నుంచి పేదరిక నిర్మూలన సంస్థ మెప్మా ఉంది. ఎవరి అప్పు ఎంత, ఎవరి భర్త ఎక్కడ పనికి పోతాడు, ఎవరికి పాలిచ్చే గేదె ఉంది, ఇవన్నీ సంఘం లీడరుకు నోటికొచ్చు. లేఔట్‌కు పొలం కొనేముందు ఆవిడని ఒక్కసారి తీసుకెళ్లి చూపిస్తే "ఇది పల్లం సార్, అక్టోబరులో మోకాల్లోతు నిలబడుద్ది" అని అప్పుడే చెప్పేది.

పోయిన ఏడాది మా పిన్ని ఇంటి గృహప్రవేశం అయింది. హాల్లో ఇటుకలతో పొయ్యి పెట్టి పాలు పొంగించారు. ఆ పాలకు నీళ్లు, వచ్చినవాళ్లకు కాఫీకి నీళ్లు, మా బాబాయి మోటారు సైకిల్ మీద ఊళ్లోంచి రెండు బిందెలు తెచ్చాడు. సాయంత్రం చీకటి పడ్డాక వరండాలో కూర్చుంటే వరసలో మూడిళ్లలోనే లైట్లు కనబడ్డాయి. పక్క స్థలంలో గోడలు సగం లేచి ఉన్నాయి. మా పిన్ని చువ్వల నుంచి విప్పిన యూరియా సంచులు మడతపెట్టి తెచ్చి, ఆ పక్కింటావిడకు ఇచ్చింది.